మెత్తని ఎముకలో పంటి ఇంప్లాంట్ నిలుస్తుందా? అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

మా అమ్మకు 62 ఏళ్లు. పై దవడలో వెనుక వైపు రెండు పళ్లు లేవు. అక్కడి ఎముక నాలుగో రకమని స్కాన్ చూసి వైద్యురాలు చెప్పారు. అంటే పైన గట్టి పొర చాలా పలుచగా ఉండి, లోపలంతా స్పాంజిలా వదులుగా ఉంటుందట. పై దవడ వెనుక భాగంలో ఇది తరచుగా కనిపించేదేనని కూడా అన్నారు.

గత వారం మొదటి ఇంప్లాంట్, అంటే పన్ను వేరుకు బదులు ఎముకలోకి తిప్పి బిగించే మర లాంటిది, పెట్టారు. బిగింపు బలం 20 న్యూటన్ సెంటీమీటర్లే వచ్చింది. వెంటనే పన్ను అమర్చాలంటే సాధారణంగా 35 దాకా రావాలని చూస్తారు కాబట్టి, పైన మూత పెట్టి చిగురు కుట్టేశారు. ఆ నిర్ణయం నాకు సరైనదిగానే అనిపించింది. అయినా భయం పోవడం లేదు.

నా సందేహం ఇదీ. మొదట్లో దొరికే పట్టు కేవలం మరలు ఎముకను ఒరుసుకుని నిలవడం వల్ల వచ్చేది. తరువాతి వారాల్లో పాత ఎముక కొంత కరిగి, కొత్తది ఏర్పడుతుంది. మొదటి పట్టే తక్కువైనప్పుడు ఆ మధ్య కాలం ఎలా గడుస్తుంది? ఇలాంటి ఎముకలో మీకు గానీ, మీ రోగులకు గానీ ఎన్ని నెలలు ఆగారు?

రెండోదానికి రంధ్రం కాస్త ఇరుకుగా తొలిచి, కింది వైపు సన్నబడే ఇంప్లాంట్ వాడతామంటున్నారు. దానివల్ల పట్టు నిజంగా పెరిగిందా? దంతవైద్యులెవరైనా ఉంటే దయచేసి వివరించండి. అమ్మ ఆ వైపు నమలడానికే భయపడుతోంది.