ఓటోరైనోలారింగాలజీ: ఈ మాటను ఎక్కడెక్కడ విడదీయాలి?

ప్రశ్న:
తెలుగు మాధ్యమంలో చదివి ఈ ఏడాదే నర్సింగ్‌లో చేరిన మా అమ్మాయి, చెవి, ముక్కు, గొంతు వైద్యానికి ఇంగ్లీషులో వాడే ఈ 19 అక్షరాల మాట దగ్గర ఆగిపోతోంది. ఒక పుస్తకం దీన్ని నాలుగు ముక్కలు చేసింది, మరొకటి తొమ్మిది చేసింది. ఏది సరైనదో దయచేసి చెప్పగలరు.

జవాబు 1:
రెండూ సరైనవేనండీ. పద్యానికి గణవిభజన చేసేటప్పుడు మాట మధ్యలోనైనా గీత గీస్తాం, అర్థం చెప్పేటప్పుడు మాత్రం పదవిభాగం చూస్తాం, ఇక్కడా అంతే. అర్థం కోసమైతే ఓటో, రైనో, లారింగో, లజీ అని నాలుగు: మొదటి మూడూ చెవి, ముక్కు, స్వరపేటిక అనే అర్థాలున్న గ్రీకు మూలాల నుంచి వచ్చాయి, చివరిది శాస్త్రమని చెబుతుంది. పలకడానికైతే ఓ-టో-రై-నో-లా-రిం-గా-ల-జీ అని తొమ్మిది. ఇందులో గకారం స్వరపేటికను తెలిపే ముక్కలోదే అయినా, పలుకులో తరువాతి అచ్చుతో కలిసి ‘గా’ అవుతుంది, ప్రధానమైన ఊనిక కూడా దానిమీదే పడుతుంది. బయాలజీలో ‘యా’ను, సైకాలజీలో ‘కా’ను నొక్కి పలకడం ఇలాంటిదే.

జవాబు 2:
ముక్కలను కలిపే ‘ఓ’ను గుర్తుపట్టడం కూడా అమ్మాయికి నేర్పండి. వాపును తెలిపే ‘ఐటిస్’ అచ్చుతో మొదలవుతుంది కాబట్టి, అది చేరినప్పుడు ఆ ‘ఓ’ లోపించి ఓటైటిస్, రైనైటిస్, లారింజైటిస్ అవుతాయి. చివరి మాటలో గకారం జకారంగా వినిపించినా స్పెల్లింగులో అక్షరం మారదు, కనుక విడదీసేటప్పుడు స్పెల్లింగునే నమ్ముకోవాలి. రెండు మూలాల మధ్య మాత్రం, రెండోది అచ్చుతో మొదలైనా, సాధారణంగా ‘ఓ’ నిలుస్తుంది. కడుపు, పేగుల వాపును గ్యాస్ట్రోఎంటరైటిస్ అనడం అందుకే.

ప్రశ్న వేసినవారు:
చాలా స్పష్టంగా చెప్పారు, ధన్యవాదాలు. మరి హెలికాప్టర్‌ను హెలి, కాప్టర్ అని విడదీయవచ్చా?

జవాబు 1:
మూలాన్ని బట్టి విడదీయకూడదు. మెలిక అనే అర్థమున్న ‘హెలికో’కు, రెక్క అనే అర్థమున్న ‘ప్టర్’ను చేర్చి 19వ శతాబ్దంలో ఫ్రెంచివారు కల్పించిన మాట అది. అయితే ఇంగ్లీషువారి నోట్లో ‘ప్ట’ జంట విడిపోయి హె-లి-కాప్-టర్ అయింది, ఆ తరువాత ‘హెలి’ని విడిగా తీసుకుని హెలిప్యాడ్, హెలిపోర్ట్ అనే మాటలు కూడా పుట్టించుకున్నారు. అమ్మాయిని నోట్సులో అర్థవిభాగానికి నిలువు గీత, పలుకుకు చుక్క పెట్టుకోమనండి. రెండింటికీ ఒకే గుర్తు వాడితే పరీక్ష ముందు తికమక పడుతుంది.