అప్‌డేట్: కారం లేని ఇథియోపియా అలిచా కుదిరింది

మసాలా నెయ్యి, బెర్బెరె కారం లేకుండా ఇథియోపియా దుంపల కూర అలిచాకి రుచి ఎలా వస్తుందని అడిగాను కదా. మీరన్నట్టే, కిటుకంతా ఉల్లిపాయల్లోనే ఉంది. సన్నగా తరిగి, ముందు నూనె లేకుండానే సన్న సెగ మీద మగ్గించాను. అడుగంటబోతే చెంచాడు నీళ్లు. రంగు మారనివ్వకూడదు. మెత్తబడ్డాక నూనె, అల్లం, వెల్లుల్లి, పసుపు. ఆపైన క్యారెట్, కాసేపాగి బంగాళదుంప, చివర్లో క్యాబేజీ. మూత పెడితే కూరల్లోని నీళ్లే దాదాపు సరిపోయాయి. పోపు పెట్టాలని చెయ్యి లాగింది గానీ ఆగాను.

నెయ్యి ఎందుకు వెయ్యరన్న సందేహమూ తీరింది. అక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాల ఉపవాసాల్లో పాలు, నెయ్యి ముట్టరు, అందుకే నూనెతో వండుతారు.

దీన్ని అక్కడ ఇంజెరా అనే పుల్లటి అట్టుతో తింటారు. దానికి కావాల్సిన టెఫ్ అనే చిరుధాన్యం పిండి దొరక్క మన పుల్లట్లతో తిన్నాం. పిల్లలకి నచ్చింది. మా ఆయన మాత్రం ఆవకాయ తెచ్చుకున్నారు.