కాలేజీకి సొంత లా ఆఫీసర్ కావాలా? స్టాండింగ్ కౌన్సిల్ చాలదా?

తార్నాక పీజీ:
హైకోర్టులో వాదించడానికి యూనివర్సిటీలకు స్టాండింగ్ కౌన్సిల్ (వాటి కేసులు చూసే బయటి లాయర్), ప్రభుత్వ డిగ్రీ కాలేజీలకు గవర్నమెంట్ ప్లీడర్ ఎలాగూ ఉన్నారు. మళ్లీ నెల జీతం మీద లా ఆఫీసర్ ఎందుకు? బార్ కౌన్సిల్ 49వ రూల్ ప్రకారం ఫుల్‌టైమ్ ఉద్యోగి అడ్వొకేట్‌గా ప్రాక్టీస్ చేయకూడదు. అంటే కోర్టుకు బయటి లాయరే వెళ్లాలి. ఒకే పనికి రెండు ఖర్చులు కదా!

ఫైళ్ల మధ్య:
ఒకే పని కాదండీ. రిట్ పిటిషన్ పడగానే మదీనా దగ్గరి హైకోర్టులో నిలబడేది స్టాండింగ్ కౌన్సిలే, కానీ పేరావారీ రిమార్కులు, అంటే పిటిషన్‌లోని ఒక్కో పేరాకు జవాబు, రాసి పంపాల్సింది మా సెక్షన్. ఇక్కడ జరిగేదేమిటంటే, పాత కేసు ఫైలు తీసి పేర్లు, తేదీలు మార్చి పంపేస్తారు. అసలు గొడవ అంతకన్నా ముందే మొదలవుతుంది. హాజరు 75 శాతం లేదని ఒక పిల్లవాణ్ని ఆపేస్తూ ఇచ్చిన ఆర్డరు చూశాను. "నిబంధనల ప్రకారం డిటెయిన్ చేయడమైనది." అంతే, ఒక్క లైను. ఏ నిబంధనో లేదు, వాడిచ్చిన మెడికల్ సర్టిఫికెట్ చూశారో లేదో లేదు.
ఆర్డర్‌లో లేని కారణాలను తర్వాత అఫిడవిట్‌లో చేర్చి దాన్ని నిలబెట్టలేరని మొహిందర్ సింగ్ గిల్ కేసులో (1977) సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే ఆ కాగితం మీద సంతకం పడకముందే చదివే మనిషి కావాలి. స్టాండింగ్ కౌన్సిల్ దాకా వచ్చేసరికి చేయగలిగింది తక్కువ.

హాస్టల్ బ్యాచ్:
అన్నా, మీరు చెప్పేది ఆఫీసు వైపు నుంచి. మా వైపు నుంచి చూడండి. నా ఆన్సర్ షీటు కాపీ కోసం ఆర్‌టీఐ పెడితే "లీగల్ ఒపీనియన్‌కు పంపాం" అన్నారు. షీట్లు చూపించాలని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పాక ఇంకా ఒపీనియన్ ఏంటి? 30 రోజుల గడువు దాటించడానికి అదో సాకు. లీగల్ సెల్ పెడితే ఇలాంటి గోడలు ఇంకో నాలుగు లేస్తాయి.

నాంపల్లి నల్లకోటు:
తమ్ముడి అనుమానంలో అర్థముంది. లా ఆఫీసర్ క్లయింట్ సంస్థ, వీసీ గారో ప్రిన్సిపాల్ గారో కాదు. కానీ ఆయన పనితీరు మీద ఏటా రహస్య నివేదిక (ఏసీఆర్) రాసేది వాళ్లే. లైంగిక వేధింపుల ఫిర్యాదు వస్తే కమిటీకి సలహా ఇచ్చేదీ, తర్వాత కోర్టులో కాలేజీ పక్షాన కౌంటర్ (జవాబు అఫిడవిట్) తయారు చేసేదీ ఒకే మనిషైతే ఫిర్యాదుదారుకు నమ్మకం ఎక్కడిది? పైగా జీతం మీద పనిచేసే ఇన్‌హౌస్ లాయర్లకు అడ్వొకేట్లకుండే గోప్యతా రక్షణ వర్తించదని 2025లో సుప్రీంకోర్టు తేల్చేసింది.
నా మాట ఒకటే. పోస్టు ఉండాలి, కానీ ఆయన రిపోర్ట్ చేయాల్సింది యూనివర్సిటీ పాలకమండలి అయిన ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్‌కు. అభిప్రాయం ఫోన్లో చెప్పడం కాదు, నోట్ ఫైల్లో రాయాలి. దాన్ని పక్కనపెట్టి సంతకం చేసినవారు ఎందుకు పక్కనపెట్టారో కిందే రాయాలి.

తార్నాక పీజీ:
ఖర్చు గురించి నా వాదన ఇప్పటికీ అదే. అయితే ఆ చివరి షరతు ఒప్పుకునే వీసీ ఎవరైనా ఉంటే చెప్పండి సార్.

ఫైళ్ల మధ్య:
ఒప్పుకోరు. పోస్టు మంజూరై ఖాళీగా ఉన్నచోట కూడా అందుకే నింపడం లేదేమో!