'ఫాంగ్ జి' ఒక మొక్కా, రెండా? ఆర్‌డీఎఫ్‌లో ఎలా రాయాలి?
చైనా సంప్రదాయ వైద్యం మీద రెండు డేటాసెట్లను ఆర్‌డీఎఫ్‌లోకి (సమాచారాన్ని నోడ్లుగా, వాటి మధ్య లింకులుగా రాసే పద్ధతి) మార్చి కలుపుతున్నాను. ఒకదాంట్లో మందుల పేర్లు పిన్‌యిన్‌లో (చైనా మాటలను రోమన్ అక్షరాల్లో రాసే పద్ధతి), రెండోదాంట్లో లాటిన్‌లో ఉన్నాయి. 'ఫాంగ్ జి' దగ్గర ఇరుక్కుపోయాను. హాన్ ఫాంగ్ జి అంటే స్టెఫానియా టెట్రాండ్రా. గ్వాంగ్ ఫాంగ్ జి అంటే అరిస్టోలోకియా ఫాంగ్చి, కిడ్నీలను పాడుచేసేది. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గే మందుల్లో ఈ రెండూ తారుమారై చాలామంది కిడ్నీలు దెబ్బతిన్నాయి కూడా.

నేనేమో తొందరపడి రెండింటికీ 'సేమ్‌యాజ్' ('ఇవి రెండూ ఒకటే' అని చెప్పే లింకు) పెట్టేశాను. రీజనర్ (ఉన్న డేటా నుంచి కొత్త విషయాలు రాబట్టే ప్రోగ్రామ్) నడపగానే స్టెఫానియాలోని టెట్రాండ్రిన్ అనే రసాయనం వెళ్లి అరిస్టోలోకియా ఖాతాలో పడింది!

ఇప్పుడు స్కాస్‌లోని (పదజాలాలను ఆర్‌డీఎఫ్‌లో రాసే ప్రమాణం) 'క్లోజ్‌మ్యాచ్' ('దాదాపు ఒకటే' అని చెప్పే లింకు) సరిపోతుందా, లేక మందు పేరుకో నోడ్, మొక్క జాతికో నోడ్ పెట్టాలా? అలా విడదీస్తే, ఉత్త 'ఫాంగ్ జి' అని రాసి వదిలేసిన పాత రికార్డులను దేనికి తగిలించాలి? అసలు టెన్షన్ వాటితోనే. ఇలాంటి పని చేసినవాళ్లుంటే కాస్త చెప్పండి.