ఇంటి నుంచి తెచ్చుకున్న డిప్రెషన్ మాత్రలు అయిపోతున్నాయి, ఏం చేయాలి?

కొత్త విద్యార్థి, డాలస్:
అందరికీ నమస్కారం. ఆగస్టులో ఎంఎస్‌కి వచ్చాను, వయసు 23. ఏడాదిగా ఎస్సిటలోప్రామ్ మాత్ర వేసుకుంటున్నాను. ఇంకో పది రోజులకే ఉన్నాయి. ఇక్కడ చాలా ఖరీదంటున్నారు. అమ్మ కొరియర్‌లో పంపిస్తానంటోంది. పోనీ, ఎలాగూ బాగానే ఉన్నాను కదా, ఆపేద్దామా అనిపిస్తోంది.

జవాబు:
తమ్ముడూ, ఆపకు. డబ్బులు మిగులుతాయని నేనూ ఒకసారి ఉన్నట్టుండి మానేశాను. మూడో రోజుకి, తల పక్కకి తిప్పితే చాలు, లోపల కరెంటు కొట్టినట్టు ఉండేది. కిరాణా కొట్టు పార్కింగ్‌లో కారు దిగలేక అరగంట అలాగే కూర్చున్నాను. మానాలనుకుంటే డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి.

ఇక్కడ ఖరీదు మాత్రది కాదు, డాక్టర్‌ది. ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటివి జెనరిక్‌లో చవకే. ఒకే మందు వీధికో రేటు ఉంటుంది, మందుల మీద తగ్గింపు కూపన్లు ఇచ్చే గుడ్‌ఆర్ఎక్స్ యాప్‌లో రెండు మూడు ఫార్మసీలు పోల్చి చూడు. బ్రాండ్ పేరుతోనే కావాలంటే మాత్రం జేబుకి చిల్లే. సైకియాట్రిస్ట్ కోసం నెలల తరబడి ఆగక్కర్లేదు, మామూలు డాక్టర్ కూడా రాయొచ్చు. ముందు మీ యూనివర్సిటీ హెల్త్ సెంటర్‌కి వెళ్లు. చాలాచోట్ల దాని ఫీజు ట్యూషన్‌తోనే కట్టించుకుంటారు.

కొరియర్ జోలికి పోవద్దు. పార్సిల్‌ని ఎఫ్‌డీఏ, అంటే ఇక్కడి మందుల నియంత్రణ సంస్థ, ఆపితే నీ పది రోజులూ అక్కడే అయిపోతాయి.

ఇంకొకరి జవాబు:
అక్క చెప్పింది నిజమే కానీ, బాబూ, స్ట్రిప్ వెనక చిన్న అక్షరాలు చదివావా? మన దగ్గర ఎస్సిటలోప్రామ్‌లో ఆందోళన తగ్గించే క్లోనజెపామ్ కలిపి ఇవ్వడం మామూలే, వాడేవాళ్లకే తెలియదు. ఇక్కడ ఆ రెండూ కలిసిన మాత్ర ఉండదు. క్లోనజెపామ్ కంట్రోల్డ్ డ్రగ్, అడగ్గానే రాయరు. అలాగని ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు. అందుకే డాక్టర్‌కి పేరు చెప్పడం కాదు, స్ట్రిప్పే చూపించు.

దగ్గు సిరప్ కొనేముందు కూడా ఫార్మసిస్ట్‌ని అడుగు. చాలా దగ్గు సిరప్‌లలో ఉండే డెక్స్ట్రోమెథార్ఫాన్‌కీ ఎస్సిటలోప్రామ్‌కీ పడదు. ఇంకోటి, 24 ఏళ్ల లోపు వాళ్లకి, 24 ఏళ్ల వాళ్లకి కూడా, డిప్రెషన్ మందు మొదలుపెట్టినప్పుడు, డోసు మార్చినప్పుడు చచ్చిపోవాలన్న ఆలోచనలు పెరగొచ్చని లేబుల్ మీదే హెచ్చరిక ఉంటుంది. అలాంటిదేమైనా అనిపిస్తే మొహమాటపడకు, ఆత్మహత్య ఆలోచనలు వచ్చేవాళ్లకి సాయం చేసే హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చెయ్యి. రాత్రైనా ఎత్తుతారు.

కొత్త విద్యార్థి, డాలస్:
ఇప్పుడే చూశాను అన్నా. క్లోనజెపామ్ 0.5 అని ఉంది. ఏడాదిగా వేసుకుంటున్నా, ఒక్కసారీ చదవలేదు. పొద్దున్నే హెల్త్ సెంటర్‌కి ఫోన్ చేస్తాను.