మిషన్ బడి అసెంబ్లీలో బైబిల్ వాక్యం ఉండాలా, తీసేయాలా?

పాలమూరు_అక్క:
మహబూబ్‌నగర్ దగ్గర మా పిల్లలు చదివే మిషన్ బడిలో పోయిన శనివారం పేరెంట్స్ మీటింగ్ అయింది. అక్కడ రోజూ ప్రతిజ్ఞ అయ్యాక ఒక బైబిల్ వాక్యం చదివి, చిన్న ప్రార్థన చేస్తారు. ఒక తండ్రి లేచి, "మా బాబు కూడా కళ్లు మూసుకోవాల్సిందేనా?" అని అడిగారు. వచ్చే ఏడాది నుంచి దాన్ని అసెంబ్లీలో ఆపేసి, ఇష్టమున్న పిల్లలకు మొదటి బెల్లుకు ముందే చాపెల్‌లో చదివిద్దామని యాజమాన్యం అంటోంది. మా చర్చివాళ్లు చాలామందికి కోపం వచ్చింది.

నేను ఆదివారం ఆరాధన తప్పని మనిషిని. అయినా యాజమాన్యం మాటే సరైందంటాను. రాజ్యాంగం 28వ అధికరణ ప్రకారం గుర్తింపు పొందిన బడి ఏదైనా సరే, తల్లిదండ్రుల సమ్మతి లేకుండా పిల్లల్ని ప్రార్థనలో నిలబెట్టకూడదు. వాక్యం చదవొద్దని అది అనలేదు, బలవంతం చేయొద్దంది. యేసు కూడా అంతే కదా. ఆస్తి అమ్మి పేదలకిచ్చి తన వెంట రమ్మన్నప్పుడు, ఆస్తి ఉన్న ఒక యువకుడు ముఖం చిన్నబుచ్చుకుని వెళ్లిపోతుంటే చేయి పట్టి ఆపలేదు.

చెర్వుగట్టు_భక్తుడు:
అక్కా, నేను ఒప్పుకోను. నేను హిందువును, ఏటా చెర్వుగట్టు జాతరకు పోతాను. నల్గొండలో మిషన్ బడిలోనే పదో తరగతి దాకా చదివాను. పదేళ్లు వాక్యం విన్నా నా దేవుడు ఎక్కడికీ పోలేదు. "మీరు లోకమునకు ఉప్పయి యున్నారు" అన్న మాట ఇప్పటికీ నాలుక మీదే ఉంది. పొద్దున్నే ఒక మంచి మాట పిల్లల చెవిన పడితే నష్టమేంటి? ఈ రోజుల్లో మా అమ్మాయి కార్పొరేట్ స్కూల్ అసెంబ్లీలో ర్యాంకులు చదువుతారు, అంతే. తొమ్మిదేళ్ల పిల్లకు అప్పుడే టెన్షన్.

సంఘపోళ్ల_మనవడు:
మీకు నష్టం జరగలేదన్నా, సంతోషం. కానీ మీరు ఒక్కరే అందరి లెక్క కాదు. మా తాత 1946-51 సాయుధ పోరాటంలో దళాలకు అన్నం మోసిన మనిషి. దొరల మీద తిరగబడ్డప్పుడు పక్కవాడి దేవుడెవరని అడగలేదని చెప్పేవాడు. ఈ రోజు మిషన్ బడి వాక్యం సరే అంటే, రేపు ఇంకో యాజమాన్యం తన గ్రంథం చదివిస్తుంది. అప్పుడు మీ చర్చి పిల్లవాడే ఆ వరసలో ఒంటరిగా నిలబడతాడు. అసెంబ్లీలో ప్రతిజ్ఞ ఉంది కదా. 1962లో దాన్ని రాసింది మన అన్నెపర్తి పైడిమర్రి సుబ్బారావు గారే. అందులో ఏ దేవుడి పేరూ లేదు, అందుకే ఏ పిల్లయినా గొంతెత్తి చెప్పగలదు. విశ్వాసం ఇంట్లో ఉంచుకుంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

దేవరకొండ_నుంచి:
"ఇంట్లో ఉంచుకోండి" అన్న మాట దగ్గర ఆగిపోయాను. తమ్ముడూ, మేం చేస్తున్నదే అది. ఎందుకో చెప్తాను.

మా అమ్మమ్మ నాయన దొర దగ్గర జీతగాడు. 1890 ప్రాంతంలో రష్యా నుంచి మెన్నోనైట్ మిషనరీలు నల్గొండకు వచ్చారు. ఆ తర్వాత్తర్వాత మా వాడకు ఒక పంతులు వచ్చాడు. రాత్రిపూట, కూలి నుంచి వచ్చినవాళ్లకు బైబిల్ ముందు పెట్టి అక్షరాలు నేర్పాడు. మా ఇంట్లో అడుగుపెట్టిన మొదటి పుస్తకం అదే. అది ఇప్పుడు నా దగ్గరుంది. నల్ల అట్ట ఊడిపోతే అమ్మమ్మ చీర ముక్కతో కుట్టింది. కీర్తనల దగ్గర పేజీల మూలలు బుడ్డి దీపం పొగకు గోధుమరంగైనయి. చివర ఖాళీ పేజీలో ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డ పేరు, తేదీ ఉన్నాయి. బడిలో చేర్పించినప్పుడు సారు తోచిన తేదీ వేసుకున్నాడు. మా అమ్మ అసలు పుట్టినరోజు మాకు తెలిసింది ఆ పేజీ వల్లనే.

ఆ పేజీలో ఉన్న పేరు వేరు, సర్టిఫికెట్లో ఉన్న పేరు వేరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు, క్రైస్తవులకు ఇయ్యలేదు. మతం మారిన మాలమాదిగలు మన రాష్ట్రంలో బీసీ-సీ, దానికి రిజర్వేషన్ ఒక్క శాతం. మతం మారినా వాడ మారలేదు, బావి దగ్గర మాటా మారలేదు. అందుకని ఆదివారం ఒక పేరుతో, ఆఫీసులో ఒక పేరుతో బతికే కుటుంబాలు ఎన్నో. మా బైబిల్ ట్రంకు పెట్టె అడుగున ఉంటుంది, ఎవరన్నా వస్తే పైన దుప్పటి కప్పుతాం.

కాబట్టి బలవంతం వద్దంటే నేనూ వద్దంటాను. కానీ సెక్యులర్ అంటే కనపడకుండా ఉండటమని పిల్లలకు నేర్పకండి. 25వ అధికరణలో విశ్వాసాన్ని బాహాటంగా చెప్పుకునే హక్కు కూడా ఉంది.

గచ్చిబౌలి_వలస:
మాది నాగర్‌కర్నూల్. నేను చర్చి మానేసి ఆరేళ్లయింది. సెక్యులర్ చదువు వల్ల కాదు. ఇంటర్‌లో జీవ పరిణామం చదివి, బైబిల్లో సృష్టి కథ ఉన్న ఆదికాండం గురించి అడిగితే, "అనుమానం సాతాను పని" అన్నారు. సండే స్కూల్లో వాక్యాలు కంఠతా పట్టి స్టీల్ గిన్నెలు గెలిచాను, ఒక్కదాని అర్థం ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. చాపెల్‌లో చదివిస్తే, ప్రశ్నలు అడగనివ్వండి.

సంఘపోళ్ల_మనవడు:
దేవరకొండ అన్నా, "ఇంట్లో ఉంచుకోండి" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. అసెంబ్లీ విషయంలో మాత్రం నా మాట అదే.

పాలమూరు_అక్క:
సోమవారం యాజమాన్యానికి రాతపూర్వకంగా ఇస్తున్నాను. వాక్యం చాపెల్‌లోనే చదవాలి, తలుపు తెరిచి ఉంచాలి, ఏ మతం పిల్లయినా వచ్చి ప్రశ్న అడగొచ్చు. ఇంట్లో రాయించి ఇచ్చిన పిల్లలే రావాలి. దేవరకొండ తమ్ముడూ, మీ అమ్మమ్మ బైబిల్ చివరి పేజీ సంగతి మీటింగులో చెప్పొచ్చా?

దేవరకొండ_నుంచి:
చెప్పక్కా. పేర్లు మాత్రం చెప్పకు.