నాన్నకి తగ్గకపోవడానికి నా సందేహమే అడ్డా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

కవిటి అమ్మాయి:
అందరికీ వందనాలు. నాన్నకి కిడ్నీలు పాడైపోయి డయాలసిస్ మీద ఉన్నారు. మా ఉద్దానం వాళ్లకి ఈ జబ్బు గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. నా బాధ వేరు. మొన్న ఉపవాస కూడికకి బయటినుంచి ఒకాయన వచ్చారు. నాన్న తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాక, "ఈ ఇంట్లో ఎవరికో సందేహం ఉంది, స్వస్థతకి అదే అడ్డు" అన్నారు. అందరూ నా వైపే చూశారు. ఇంట్లో డిగ్రీ చదివింది నేనే కదా మరి.

నిజం చెప్పాలంటే సందేహం ఉంది. రోజూ పొద్దున్నే నాన్న చేతి ఫిస్టులా (డయాలసిస్ కోసం ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపిన చోటు) మీద వేళ్లు పెట్టి జుమ్మంటోందో లేదో చూస్తాను. అది తెలుస్తాది. దేవుడు వింటున్నాడో లేదో మాత్రం తెలీదు. అయినా ఆదివారం మానలేదు, కీర్తన ఎత్తేది కూడా నేనే. ఇలా సగం నమ్మకంతో సంఘంలో ఉండొచ్చా? మీకెవరికైనా ఇలా జరిగిందా?

పాత బాప్టిస్టు, శ్రీకాకుళం:
అమ్మా, ఆ మాట ముందు నెత్తి మీంచి దించెయ్. 1870లలో కెనడా బాప్టిస్టు మిషనరీలు మన వైపు వచ్చినప్పటి సంఘాల్లో పెరిగినవాళ్లం మేము. సందేహం వచ్చిందని మా పెద్దలు ఎవర్నీ వెలెయ్యలేదు. మార్కు 9లో మూర్ఛరోగి తండ్రి ఏమన్నాడు? "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అని అందరి ముందూ అరిచాడు. ముందు ఆ అపనమ్మకం పోగొట్టుకుని రా, అప్పుడు చూద్దాం అని యేసు అనలేదు. పిల్లాడు బాగయ్యాడు.

ఇంకోటి. పౌలు తనతో తిరిగిన త్రోఫిముని జబ్బుతోనే మిలేతులో విడిచి వచ్చేశాడు, 2 తిమోతి 4:20. తిమోతికేమో కడుపు జబ్బుకి కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని రాశాడు. వీళ్లలో ఎవర్నీ "నీకు విశ్వాసం తక్కువ" అని నిలదియ్యలేదు. మీ ఇంటికొచ్చినాయనకి ఈ వచనం చూపించు.

ఎచ్చెర్ల బ్రదర్:
ప్రైజ్ ది లార్డ్. పెద్దాయన మాటకి ఎదురు చెప్పడం కాదు గానీ, సందేహాన్ని ఇలా వెనకేసుకొస్తే రేపు పిల్లలు ఏం నేర్చుకుంటారు? సందేహించేవాడు సముద్ర తరంగంలాంటివాడు, అలాంటివాడికి ప్రభువు వల్ల ఏమీ దొరకదు అని యాకోబు 1లో స్పష్టంగా ఉంది. 5:15లో విశ్వాససహితమైన ప్రార్థన రోగిని స్వస్థపరుస్తుందనీ ఉంది. మా అమ్మకి డాక్టర్లు చెయ్యి ఎత్తేశాక సంఘమంతా రాత్రి ప్రార్థన చేస్తే లేచి కూర్చుంది. నా కళ్లతో చూసింది నేను చెప్పకుండా ఎలా ఉంటాను?

బొబ్బిలి మాస్టారు:
మీ అమ్మగారి సాక్ష్యాన్ని ఎవరూ కాదనట్లేదు బాబూ. వచనం మాత్రం పైనుంచి చదవాలి. యాకోబు 1:6కి ముందు 5వ వచనం ఉంది, అక్కడ అడిగేది జ్ఞానం, ఆరోగ్యం కాదు. 5వ అధ్యాయంలో రోగి చెయ్యాల్సింది సంఘపు పెద్దల్ని పిలిపించడం. వాళ్లొచ్చి నూనె రాసి ప్రార్థన చెయ్యాలి. ఆ ప్రార్థనే విశ్వాససహితంగా ఉండాలి. అంటే పరీక్ష పెట్టేది ప్రార్థన చేసేవాళ్లకి, మంచం మీదున్నాయనకి కాదు, ఆయన కూతురికి అసలే కాదు. మనవాళ్లు దీన్ని తిరగేసి వాడుతున్నారు. స్వస్థత వస్తే ప్రార్థన చేసినాయన గొప్ప, రాకపోతే తప్పు రోగి ఇంటిది. ఈ లెక్క ఎవరికి లాభమో ఆలోచించండి.

విజయనగరం కేథలిక్:
మాది వేరే గుడి, మాట కలపొచ్చు కదా? మదర్ థెరిసా 1997లో చనిపోయారు. ఆవిడ ఉత్తరాలు 2007లో అచ్చయితే మా విచారణలో, అంటే మా గుడి పరిధిలోని వాళ్లలో, పెద్ద గొడవే అయింది. దేవుడి సన్నిధి తెలియట్లేదని, లోపలంతా చీకటేనని ఆవిడ దశాబ్దాలపాటు తన గురువులకి రాసుకున్నారు. మా అత్తయ్యగారైతే "ఇవి బయటపెట్టకూడదు" అని కోప్పడ్డారు. నాకు మాత్రం ధైర్యం వచ్చింది. ఆ చీకటితోనే ఆవిడ రోజూ రోగుల దగ్గరికి వెళ్లింది. 2016లో పునీతురాలిగా ప్రకటించారు కూడా.

పవిత్ర శనివారం, అంటే ఈస్టరుకి ముందురోజు, మా గుడికి ఎప్పుడైనా రండి. బలిపీఠం మీద గుడ్డ కూడా ఉండదు, సత్ప్రసాదం ఉంచే మందసం తలుపు తెరిచి ఖాళీగా ఉంటుంది. రాత్రి జాగరణ దాకా పూజ లేదు. ఏమీ తెలియకుండా కూర్చోడానికి కూడా ఒక రోజు పెట్టారన్నమాట.

వజ్రపుకొత్తూరు:
2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా కొబ్బరి తోట మొత్తం పడిపోయింది. జీడిమామిడి కూడా. దేవుడు ప్రాణాలు కాపాడాడని ఒకరు, పరీక్షించాడని ఇంకొకరు. నాకు ప్రార్థన నోట్లోంచి రావడం మానేసింది. మా అక్క 88వ కీర్తన తీసి ఇచ్చింది. మొదట్నుంచి చివరిదాకా మొర. వేరే కీర్తనల్లో ఎంత ఏడ్చినా చాలావాటిలో చివర్లో స్తుతి వస్తాది కదా, ఇందులో రాదు, చీకటి దగ్గరే ఆగిపోతాది. అదీ బైబిల్లోనే ఉంది. చాలాకాలం నా ప్రార్థన అదే.

డయాలసిస్ నర్సు:
చెల్లీ, వచనాలు నాకు అంతగా రావు. ఒక్కటి మాత్రం చెప్తాను. సందేహం లేదని చూపించుకోడానికి డయాలసిస్ మానేసినవాళ్లని చూశాను. వాళ్లని ఆయాసంతో, ఊపిరితిత్తుల్లో నీరు చేరి, పొటాషియం పెరిగి గుండె లయ తప్పి మోసుకొస్తారు. ఒక్క సిట్టింగు కూడా మానకండి, తాగే నీళ్లకి డాక్టరు చెప్పిన కొలత దాటకండి. ఉద్దానంలో ఈ జబ్బు ఎందుకొస్తోందో నీళ్లు, పురుగుమందులు, నొప్పి మాత్రలు, ఎండలో పని అన్నీ చూశారు, ఇదీ అని ఒక్కటి తేలలేదు. ఇన్నేళ్లుగా డాక్టర్లకే అంతుపట్టంది నీ మనసులో సందేహం వల్ల అని ఆయనకి ఎలా తెలిసిందో!

ఎచ్చెర్ల బ్రదర్:
డయాలసిస్ మానమని నేనూ అనను. మా అమ్మ ఇప్పటికీ బీపీ మాత్ర వేసుకుంటాది. మిగతా విషయంలో నా మాట నాదే.

కవిటి అమ్మాయి:
అందరికీ కృతజ్ఞతలు. మాస్టారి మాట అమ్మకి చదివి వినిపించాను. నాన్న కళ్లు మూసుకుని వింటూ, "అయితే ఆ మనిషి నమ్మకం ఎవులు సూత్తారు?" అన్నారు. అమ్మ నవ్వాపుకోలేకపోయింది. ఎచ్చెర్ల అన్నయ్యా, దీనికి మీరే జవాబు చెప్పాలి. శనివారం మా ఇంట్లో కాటేజీ మీటింగు (ఇంటి ప్రార్థన కూడిక) ఉంది, 88వ కీర్తన చదవనిస్తారో లేదో అడిగి చూస్తాను.